ఎల్క్ వేటకు ముందు మీకర్, ట్రాపర్స్ లేక్ చూసొచ్చాక: డబ్బు ఎక్కడ పెట్టాలి?

కొలరాడోలో మజిల్‌లోడర్‌తో, అంటే మూతిలోంచి మందు కూరే తుపాకితో, ఎల్క్ అనే పెద్ద జింకని వేటాడాలంటే ఏప్రిల్ మొదట్లో దరఖాస్తు పెట్టాలి, లాటరీలా తీసే డ్రాలో ట్యాగ్, అంటే వేట అనుమతి, రావాలి. మంచి యూనిట్ల (వేట ప్రాంతాల) కోసం, డ్రాలో ముందు వరస ఇచ్చే ప్రిఫరెన్స్ పాయింట్లు ఏళ్ల తరబడి పోగేసేవాళ్లున్నారు. ఈసారి నాకు తగిలింది. సీజన్ సెప్టెంబర్ మధ్యలో, తొమ్మిది రోజులే. అందుకే ఆగస్టులో డెన్వర్ నుంచి ఫ్లాట్ టాప్స్ కొండలకి వెళ్లి బస, దారి, మనుషుల్ని చూసుకున్నాను. మన దగ్గర 1972 చట్టంతో వేట ఆగిపోయింది కదా, ఫోన్లో అమ్మ "జింక కోసం ఇంత హైరానా ఎందుకురా" అంది. ఆ జింక 300 కిలోలుంటుందని ఇంకా చెప్పలేదు.

మీకర్‌లో మోటెల్ శుభ్రంగా ఉంది, ఊరూ బాగుంది. 1901లో థియొడోర్ రూజ్‌వెల్ట్ కూగర్ల (కొండ సింహాల) వేటకు వచ్చిన ప్రాంతమిది. కానీ వేట రోజుల్లో అక్కడ ఉండి లాభం లేదు. నేను వేటాడబోయే ట్రాపర్స్ లేక్ సరస్సు అక్కడి నుంచి దాదాపు 50 మైళ్లు, చివరంతా కంకర రోడ్డు. తెల్లారేలోపు కొండ మీద ఉండాలంటే అర్ధరాత్రి లేవాలి. పైగా గొర్రెల కాపరి కుక్కల పోటీలు కూడా సెప్టెంబర్‌లోనే జరుగుతాయి, అప్పుడు రూములు దొరకడం కష్టం. సరస్సు దగ్గరి ఫారెస్ట్ సర్వీస్ క్యాంప్‌గ్రౌండే నయం. అది 9,600 అడుగుల పైన ఉంది. మొదటి రాత్రి తలనొప్పితో నిద్ర పట్టలేదు. ఆ ఎత్తుకి ఒళ్లు అలవాటు పడేలా సీజన్‌కి రెండు రోజుల ముందే చేరాలని అప్పుడే అనుకున్నాను.

2002 నాటి బిగ్ ఫిష్ కార్చిచ్చులో కాలిన చెట్లు అక్కడ ఇప్పటికీ కొన్ని మొండిగా నిలబడి ఉన్నాయి, చాలా వరకు అడ్డంగా పడి ఉన్నాయి. మ్యాపులో మైలు అన్నది దుంగలు దాటుకుంటూ వెళ్తే పూట పడుతుంది. గాలి వీస్తే నిలబడ్డవీ కూలతాయి కాబట్టి వాటి కింద టెంట్ వేయకూడదు.

గైడ్‌కి వేల డాలర్లు పోయడం నాకు ఇష్టం లేదు. మాంసం కిందికి దించే గుర్రాలవాళ్లకి మాత్రం బేరమాడకుండా ఇస్తాను. ఎముకలు తీసేసినా 90 కిలోల దాకా ఉంటుంది. విల్డర్‌నెస్‌లో, అంటే చట్టం కాపాడే అడవి ప్రాంతంలో, మోటార్ బండ్లే కాదు, చక్రాల తోపుడు బండి కూడా నిషేధం. సెప్టెంబర్ మధ్యాహ్నపు ఎండకి మాంసం ఆగదు. ఇద్దరిని అడిగాను. ఒకాయన "వీలు చూసుకుని వస్తాం" అన్నాడు. ఇంకొకాయన "ఉదయం కబురందితే అదే రోజు సాయంత్రానికి" అని, రేటు కూడా కాగితం మీద రాసిచ్చాడు. రాష్ట్ర రిజిస్ట్రేషన్, ఫారెస్ట్ పర్మిట్ చూసి ఆయనకే అడ్వాన్సిచ్చాను. పైన సిగ్నల్ లేదు, కాబట్టి శాటిలైట్ మెసెంజర్ అద్దెకు తీసుకోవాలి.

తుపాకి విషయంలో ఇక్కడి రూల్స్ కఠినం. ఎల్క్‌కి కనీసం .50 క్యాలిబర్ ఉండాలి. స్కోప్, సాబో (గుండు చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు), పెల్లెట్ మందు (ముందే బిళ్లలుగా చేసినది) ఏవీ కుదరవు, పొడి మందే కొలిచి పోయాలి. రేంజ్‌లో సాధన చేశాక 80 గజాలు దాటితే కాల్చకూడదని నా హద్దు పెట్టుకున్నాను. టెక్సాస్ నుంచి విమానంలో వచ్చే మిత్రుడికి ఒకటే చెప్పాను: మందు, దాన్ని అంటించే క్యాప్‌లు లగేజీలో పెట్టనివ్వరు, ఇక్కడే కొనుక్కో. ఒంటి మీద, తల మీద ఫ్లోరసెంట్ ఆరెంజ్ లేదా పింక్ ఎలాగూ తప్పదు.

మాంసం కోసి ప్యాక్ చేసే షాపులో ఆదివారం తీస్తారా అని అడిగాను. తీయరట. శనివారం దొరికితే సోమవారం దాకా నిలవ పెట్టడానికి పెద్ద ఐస్‌బాక్సులు ఇంకా కొనాలి.