సైడ్ వీల్స్ యాక్టివా: ఐదేళ్లు దాటాక నా సమీక్ష

ముందే చెప్తున్నా, ఇది అసలు యాక్టివా మీద సమీక్ష కాదు. యాక్టివా గురించి చెప్పేవాళ్లు గల్లీకి పదిమంది ఉన్నారు. దాని వెనక అటూ ఇటూ బిగించే రెండు చక్రాల గురించి, ఆ చక్రాలను మోసే ఇనుప చేతుల గురించి చెప్పేవాళ్లే దొరకరు. షోరూంలో అడిగితే "అది మా దగ్గర ఉండదు మేడం, బయట కట్టించుకోవాలె" అంటారు. బయట అడిగితే "ఏం గాదక్కా, మేం చూసుకుంటం" అంటారు. ఈ రెండు జవాబుల మధ్య మన నడుము, మన భుజం, మన ప్రాణం ఉంటాయి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

నాకు పసితనంలో పోలియో వచ్చింది. పల్స్ పోలియో మొదలైంది 1995లో, నేను అంతకు చాలా ముందే పుట్టా. ఎడమ కాలికి తొడ దాకా క్యాలిపర్, అంటే కాలిని నిలబెట్టే ఇనుప చట్రం, మోకాలు మడవకుండా దానికో లాక్. చేతిలో ఒక కర్ర. ఉండేది కాజీపేటలో, ఉద్యోగం హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో. 2020 మొదట్లో, లాక్‌డౌన్‌కు కొంచెం ముందు యాక్టివా 6జీ కొని సైడ్ వీల్స్ కట్టించుకున్నా. అంతకుముందు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న వేరే కంపెనీ స్కూటీ ఉండేది. దానికి పాత ఓనర్ కట్టించిన చక్రాలే. కాబట్టి రెండు రకాల కిట్లూ, అంటే పక్క చక్రాలూ వాటి ఇనుప చేతులూ, నడిపిన దాన్నే.

ఈ మోడలే ఎందుకంటే, మొదటి కారణం పెట్రోల్ మూత. పాత బండిలో పెట్రోల్ పోయించాలంటే సీటు ఎత్తాలి. సీటు ఎత్తాలంటే దిగాలి. దిగాలంటే క్యాలిపర్ లాక్ వేసుకోవాలి, కర్ర అందుకోవాలి, వెనక హారన్ కొట్టేవాణ్ని చూసి ఒక నవ్వు నవ్వాలి. 6జీకి మూత బయటే ఉంది. తాళం దగ్గరున్న బటన్ నొక్కితే తెరుచుకుంటుంది, బంకు పిల్లగాడు పోసి మూసేస్తాడు, నేను కదలక్కర్లేదు. కాళ్లు బాగున్నవాళ్లకు ఇదొక చిన్న సౌకర్యం. నాకు మాత్రం బండి కొనడానికి ఇదొక్కటే చాలు. రెండోది, ఎడమ బ్రేక్ నొక్కితే ముందూ వెనకా రెండు చక్రాలకూ పడుతుంది. కాలితో చేయాల్సిన పని ఒక్కటీ లేదు.

క్యాలిపర్ వేసుకునేవాళ్లకు ఒక మాట. కూర్చోగానే మోకాలి దగ్గరి రింగ్ పైకి లాగి కాలు మడిచి, ఫుట్‌బోర్డు మీద పాదం పూర్తిగా లోపలికి వచ్చిందా లేదా చూసుకోవాలి. లాక్ తీయకపోతే కాలు తిన్నగా బయటికి పొడుచుకుని ఉంటుంది, పక్కనుంచి వచ్చే ఆటోకు తగులుతుంది. గతుకుల్లో పాదం జారకుండా నేను ఫుట్‌బోర్డు అంచుకు ఒక చిన్న రేకు పట్టీ వేయించుకున్నా.

ఇక కిట్ సంగతి. పాత బండికి ఉన్నది స్ప్రింగులు లేని రకం. ఇనుప పైపు నేరుగా ఛాసిస్‌కు వెల్డింగ్ చేసి, చివర చక్రాలు పెట్టారు. నున్నటి రోడ్డు మీద బాగానే పోతుంది. మా గల్లీలో డ్రైనేజీ కోసం తవ్వి మొరం పోసి వదిలేసినప్పుడు దాని అసలు రంగు బయటపడింది. నడుమ చక్రం గుంతలోకి దిగుతుంది, పక్క చక్రాలు రెండూ చెరో గట్టు మీద నిలబడతాయి. ఇంజన్ బలం వెళ్లేదేమో నడుమ చక్రానికే. ఎక్సలేటర్ ఇస్తే అది గాల్లో గిర్రున తిరుగుతుంది, బండి అంగుళం కూడా కదలదు. దిగి నెట్టలేను. దారిన పోయేవాళ్లు వచ్చి "ఎనకకు గుంజాల్నా అక్కా?" అని అడిగేదాకా అట్లనే కూర్చోవాలి. బ్రేక్ సంగతీ అంతే. బరువంతా పక్క చక్రాలే మోస్తుంటే నడుమ చక్రానికి పట్టు ఉండదు. పక్క చక్రాలకేమో బ్రేకులే ఉండవు. తడి రోడ్డు మీద గట్టిగా నొక్కితే వెనక భాగం సర్రున జారుతుంది.

కొత్త బండికి షాక్ అబ్జార్బర్లు ఉన్న కిట్ వేయించా. ప్రతి పక్క చక్రం విడిగా పైకీ కిందికీ ఆడుతుంది. కిట్టూ బిగింపూ కలిపి అప్పట్లో ఇరవై వేల లోపే అయింది. స్ప్రింగు ఉన్నంత మాత్రాన అంతా సరిగా ఉన్నట్టు కాదు. మరీ మెత్తగా ఉంటే మలుపులో బండి పక్కకు ఒరుగుతుంది, మరీ గట్టిగా ఉంటే పాత కథే. ఎత్తు సరిచూసేటప్పుడు మీరు బండి మీద కూర్చుని ఉండాలి. చాలాచోట్ల ఖాళీ బండికే బిగించి "అయిపోయిందక్కా" అంటారు. ఒప్పుకోవద్దు. కూర్చున్నాక ఒక పక్క చక్రం కింద ఇటుక పెట్టించి, నడుమ చక్రం కింద ముందే పరిచిన పేపరు ముక్కను లాగి చూడమనండి. చిరిగితే మంచిదే. ఊరికే చేతిలోకి వచ్చేస్తే ఆ సెట్టింగ్‌తో ఇంటికి రావద్దు.

నడపడం అలవాటు కావడానికి టైం పడుతుంది. రెండు చక్రాల బండిలా ఇది మలుపులో వాలదు. హ్యాండిల్ తిప్పి మలపాలి, మన ఒళ్లే లోపలి వైపు వంచాలి, లేకపోతే బండి బయటికి తోసేస్తుంది. మలుపులో ఇరవై, నేరు రోడ్డు మీద నలభై, అంతకు మించి నేను పోను. గుంతలు తప్పించడం అనే మాట మర్చిపోవాలి, ఎందుకంటే మనవి మూడు దారులు. ఒక చక్రం తప్పిస్తే ఇంకోటి పడుతుంది. ఏది పడితే తక్కువ దెబ్బో చూసుకోవడమే. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద సాయంత్రం ట్రాఫిక్‌లో సందు చూసి దూరిపోవడం కుదరదు, ఆటోల మాదిరే లైన్లో నిలబడాలి. వెనక నుంచి ఎవరెంత హారన్ కొట్టినా టెన్షన్ పడటం మానేశా.

ఎవరూ చెప్పని ఇంకో సంగతి, రోడ్డు వాలు. నీళ్లు పోవడానికి రోడ్డు ఎడమ అంచు కిందికి ఉంటుంది కదా, బండి మొత్తం అటే లాగుతుంది. హ్యాండిల్‌ను ఎప్పుడూ కుడివైపు పట్టి ఉంచాలి. కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా దాకా తెలియదు. దూరం పోతే భుజం చెబుతుంది. రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిన తర్వాత, అమ్మను వెనక కూర్చోబెట్టుకుని ములుగు రోడ్డు పట్టుకుని ఆ గుడి ఉన్న పాలంపేట దాకా వెళ్లా. చెల్లెలు, మేనకోడలు వేరే బండి మీద వచ్చారు. బండి అలిసిపోలేదు గానీ మర్నాడు కుడి చెయ్యి జడ వేసుకోవడానికి కూడా పైకి లేవలేదు. గుడి ఆరడుగుల ఎత్తు పీఠం మీద ఉంటుంది. కర్ర మేనకోడలి చేతికిచ్చి, కూర్చుని కూర్చునే ఒక్కో మెట్టూ ఎక్కా. ఎవరో పెద్దాయన "బిడ్డా, కిందికెల్లి మొక్కినా సాలు" అన్నాడు. మొక్కడానికే అయితే ఇంట్లోనే మొక్కేదాన్ని, నేను వచ్చింది మదనికల శిల్పాలను చూడటానికి.

రివర్స్ లేకపోవడం ఈ బండికి పెద్ద లోటు. మామూలుగా స్కూటీ నడిపేవాళ్లు రెండు కాళ్లు నేలకు ఆన్చి వెనక్కి జరుపుకుంటారు. నేను బండి ఆపే ముందే ఎట్లా బయటికి తీయాలో చూసుకుని మూతి రోడ్డు వైపు తిప్పి పెడతా. అయినా ఎవరో ఒకరు ముందు బైక్ అడ్డం పెట్టి పోతారు. కొంతమంది మెకానిక్‌లు రివర్స్ అటాచ్‌మెంట్ పెడతామంటున్నారు, ఇంకొక వెల్డింగ్ పెంచుకోవడం ఇష్టం లేక నేను వేయించలేదు.

వెల్డింగ్ అన్నాను కాబట్టి చెప్పాలి. మూడో ఏడాది ఒక ఆదివారం బండి కడుగుతుంటే, ఎడమ పక్క చక్రాన్ని మోసే పైపు బ్రాకెట్‌ను కలిసే మూల దగ్గర పెయింట్ మీద వెంట్రుకంత గీత కనిపించింది. గుడ్డతో తుడిస్తే పోలేదు. గీత వెంట తుప్పు రంగు సన్నగా కారి ఉంది. మా మెకానిక్ వచ్చి స్పానర్‌తో కుడి వైపు కొట్టాడు, ఖంగుమంది. ఎడమ వైపు కొడితే బొంగురుగా పలికింది. "అక్కా, ఇది ఇయ్యాల్నో రేపో ఇరిగేది" అన్నాడు. పైన ఇంకో పూత వెల్డింగ్ వేస్తే సరిపోదట. పాతది మొత్తం గ్రైండ్ చేసి, మూలకు మూడు మూలల రేకు ఒకటి అడ్డం పెట్టి అతికాడు. అప్పటినుంచి నెలకోసారి ఆ మూలలు రెండూ టార్చి వేసి చూస్తా. మీరు కొత్తగా కట్టించుకుంటుంటే ఆ రేకులు మొదటే పెట్టించండి, కిట్‌ను ఛాసిస్‌కు వెల్డింగ్ కాకుండా బోల్టులతో బిగించే రకమే తీసుకోండి. బోల్టయితే విప్పి చూడొచ్చు, మార్చొచ్చు.

చీర, చున్నీ వాళ్లకు మరో మాట. పక్క చక్రం మన పక్కనే తిరుగుతుంటుంది, పైన మడ్‌గార్డు తప్పకుండా ఉండాలి. పాత బండికి లేదు, చున్నీ కొస చుట్టుకుని చిరిగింది, మెడ మీద లేకపోవడం వల్ల బతికిపోయా. ఇప్పుడు చున్నీ నడుముకు కట్టుకునే ఎక్కుతా.

మైలేజీ ముప్పై అయిదు దాటదు. పక్క చక్రాల టైర్లు లోపలి అంచు త్వరగా అరుగుతాయి, బేరింగులు ఏడాదిన్నరకోసారి మార్చాల్సి వస్తోంది. బ్యాటరీని మాత్రం చచ్చేదాకా ఆగకుండా ముందే మార్చేయండి, కిక్ కొట్టడం మనవల్ల కాదు కదా. గట్టి వాన పడితే వరంగల్ స్టేషన్ దగ్గరి అండర్ బ్రిడ్జి వైపు పోను. నీళ్ల కింద గుంత కనపడదు, ఆగిపోతే దిగి నడిచి బయటపడలేను.

కాగితాల విషయం. లైసెన్సు టెస్టు మన బండి మీదే ఇవ్వాలి. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక వీటిని అడాప్టెడ్ వెహికిల్ అంటున్నారు, పాత లైసెన్సుల మీద ఇన్వాలిడ్ క్యారేజ్ అని ఉంటుంది. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) ఉంటే అది, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) దగ్గర పెట్టుకుని, లైఫ్ ట్యాక్స్ మినహాయింపు సంగతి రిజిస్ట్రేషన్‌కు ముందే అడగండి. బండి మార్పు ఆర్‌సీలో ఎక్కించండి, ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే క్లెయిం రోజు "ఈ చక్రాలు ఎక్కడివి?" అని అడుగుతారు.

2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక మా ఆఫీసులో అందరూ అడిగారు, "ఇంకా బండెందుకు, పెట్రోల్ దండగ కదా" అని. బస్సు మొదటి మెట్టు నా మోకాలి ఎత్తు ఉంటుంది, లాక్ వేసిన కాలు అంత ఎత్తు లేవదు. అది కూడా అసలు కారణం కాదు. ఇదివరకు నేను ఎక్కడికి పోవాలన్నా మా తమ్ముడికి ఎప్పుడు తీరుతుందో అడగాలి. వాడు ఎన్నడూ విసుక్కోలేదు, పాపం. కానీ మధ్యాహ్నం మిర్చి బజ్జీ తినాలనిపించిందని తమ్ముణ్ని పిలుస్తామా? ఇప్పుడు సుబేదారిలో ఆగి, బండి దిగకుండానే తిని వస్తా.

ఇది అందరికీ పనికొచ్చే బండి కాదు. చేతుల్లో బలం తక్కువున్నవాళ్లకు వద్దు. నడుము నిలవనివాళ్లకూ వద్దు. వీల్‌చెయిర్ నుంచి సీటు మీదికి మారలేనివాళ్లు, వీల్‌చెయిర్‌కే ముందు తగిలించే ఐఐటీ మద్రాస్ నియోబోల్ట్ లాంటివి ఒకసారి చూడాలి. కొత్తగా కొనేవాళ్లు రివర్స్ ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్లు కూడా చూడొచ్చు, టీవీఎస్ ఐక్యూబ్‌కు ఆ సౌకర్యం ఉంది. సైడ్ వీల్స్ కడితే వారంటీ ఉంటుందో పోతుందో ముందే కాగితం మీద రాయించుకోండి.

బండికి అయిదుకు నాలుగున్నర ఇస్తా. కిట్‌కు మూడు. ఈ వేసవిలో పక్క టైర్లు రెండూ మార్చాలి, ఈసారి ట్యూబ్‌లెస్ రిమ్ములు దొరుకుతాయేమో మా మెకానిక్‌ను అడిగి పెట్టా. వేసుకున్నాక ఎట్లున్నాయో ఇక్కడే కలుపుతా.