జలాశయం చిన్న చేపలు: వేసవివి మేలా, చలికాలంవి మేలా?

నిజాంసాగర్, పాలేరు లాంటి జలాశయాల చిన్న చేపల గురించి తరచూ అడిగే ప్రశ్న ఇది. కాల్షియం కోసమే అయితే కాలం చూడక్కర్లేదు. ముల్లుతో సహా నమిలేస్తాం కనుక పరక చేపలోనైనా మోల చేపలోనైనా అది ఏడాదంతా పుష్కలమే. కాలాన్ని బట్టి మారేది కొవ్వు.

ఇవి ముఖ్యంగా కొత్తనీటికి గుడ్లు పెడతాయి. ఆ ముందు నెలల్లో, అంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ఒంట్లో కొవ్వు, పొట్టలో జన (గుడ్లు) నిండుతాయి. గుడ్లు వదిలాక ఆగస్టు, సెప్టెంబరుల్లో చేప చప్పబడుతుంది. కొవ్వు పోయిన చోటికి నీరు చేరుతుంది. పొట్ట అంటుకుపోయి, తల ఒంటికి మించి కనిపిస్తే అలాంటిదే. నవంబరు నుంచి మళ్లీ ఒళ్లు చేస్తుంది.

కూరకి నా ఓటు మే నెల మోలకే. వంద గ్రాముల పచ్చి మోలలో విటమిన్ ఎ 2,500 మైక్రోగ్రాములు దాటుతుంది. పరకలో వందకు లోపే. అయితే మోలలో ఆ విటమిన్ సగానికి పైగా కళ్లలో, మిగతాదాంట్లో ఎక్కువ పేగుల్లో ఉంటుంది. తల తుంచి, పొట్ట నొక్కి పారేస్తే ఏ నెలలో కొన్నా ఒకటే. ఉప్పేసి బండ మీద పొలుసు పోయేలా రుద్ది, కడిగి, అలాగే వండాలి. పరక బురద మేస్తుంది, దాని పేగు తీయకపోతే కూరలో ఇసుక తగులుతుంది. మామిడికాయ పులుసులో సన్న సెగ మీద ఇరవై నిమిషాలు ఉంచితే ముల్లు మెత్తబడుతుంది, పిల్లలు కూడా ఉమ్మేయరు.

వేసవి చేపకు ఒక చిక్కుంది. ఎండకు పొట్ట తొందరగా పగులుతుంది. వల తీసిన వెంటనే చేపకు సమంగా ఐసు వేయకపోతే మధ్యాహ్నానికే వాసన పడుతుంది.

ఎండబెట్టడానికైతే లెక్క తిరగబడుతుంది. కొవ్వున్న చేప ఎండినా కొన్ని వారాల్లో పసుపెక్కి కమటు వాసన వస్తుంది. డిసెంబరు, జనవరి పరకే నిలవ ఉంటుంది. మోలని ఎండబెట్టడం దండగ, ఎండ తగిలితే విటమిన్ ఎ నశిస్తుంది.

గాజులా మెరిసే చందా చేపలు విడిగా కొనేంత దొరకవు. వస్తే వేపుడులో కలిపేయండి.