డాంగ్‌మాల్ నేచర్ క్యాంపు, భితర్‌కనిక: తేదీ ఖాయం చేసే ముందు పోటు లెక్క చూడండి

చెన్నైలో ఉండే మనవాళ్ళకు మొసలి అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వడనెమ్మేలిలోని మొసళ్ళ బ్యాంకే. గోడకు ఇవతల మనం, అవతల అది. ఉప్పునీటి మొసలిని దాని సొంత ఏటి గట్టు మీద చూడాలంటే ఒడిశా వెళ్ళాలి. కేంద్రపడా జిల్లాలో బ్రాహ్మణి, బైతరణి నదులు సముద్రంలో కలిసే చోట ఉంది భితర్‌కనిక. 145 చదరపు కిలోమీటర్ల మడ అడవి, 1998లో జాతీయ ఉద్యానమైంది. 1975లో ఇక్కడ మొసళ్ళ సంరక్షణ మొదలైనప్పుడు వంద లోపే ఉండేవి. 2024 గణనలో 1,811 తేలాయి. కోరింగ చూసినవాళ్ళకు మడ చెట్లు, శ్వాస వేళ్ళు కొత్త కాదు. కానీ ఇంత పెద్ద జంతువు ఇంత దగ్గరగా, ఇన్నిసార్లు కనిపించడం మన తీరంలో ఇంకెక్కడా లేదు.

ఉద్యానంలో డాంగ్‌మాల్ దగ్గర అటవీశాఖ నేచర్ క్యాంపు నడుపుతోంది. బుకింగ్ ఎకోటూర్ ఒడిశా వెబ్‌సైటులో. బస, భోజనం ప్యాకేజీలోనే వస్తాయి. పడవ ఖర్చు మాత్రం వేరే, దాన్ని మొదటే లెక్కలో వేసుకోండి. సొంత గుడారం మోసుకెళ్ళి నచ్చినచోట వేసుకునే అడవి కాదిది. నీటి ఒడ్డున మొసళ్ళు, గడ్డిలో రాచనాగులు ఉన్నచోట ఆ నియమం సరైనదే. గదులు మామూలుగా ఉంటాయి. రిసార్టు సౌకర్యం కోరుకునేవాళ్ళు ఇక్కడికి రావద్దు. ఉదయం ఆరింటికి పడవ రేవులో నిలబడాలనుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి మకాం లేదు, ఎందుకంటే బయటి ఊళ్ళలో దిగినవాళ్ళు లోపలికి వచ్చేసరికి మంచి సమయం సగం కరిగిపోతుంది.

అసలు విషయం ఆటుపోట్లు. చాలామంది శని, ఆదివారాలు చూసి బుక్ చేసుకుంటారు. మూడు గంటలు పడవలో తిరిగి, నీళ్ళలో రెండు కళ్ళు మాత్రం చూసి, మొసళ్ళు లేవని తిరిగి వెళ్తారు. మొసళ్ళు ఉన్నాయి, గట్టు లేదు. పోటు నిండుగా ఉన్నప్పుడు నీరు చెట్ల మొదళ్ళ దాకా వస్తుంది, మొసలి ఎక్కి పడుకోవడానికి బురద మిగలదు. ఆటు తీసినప్పుడు బురదగట్టు బయటపడుతుంది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో రాత్రంతా చల్లబడిన ఒంటిని కాచుకోవడానికి అవి అక్కడికే వస్తాయి. కాబట్టి ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య ఆటు అడుగంటే రోజులు కావాలి మనకు.

లెక్క కష్టం కాదు. ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. ప్రతి సమయం మర్నాటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ శనివారం ఉదయం తొమ్మిదికి ఆటు అడుగంటితే, వచ్చే శనివారం అది మధ్యాహ్నం మూడు దగ్గరికి పోతుంది, తొమ్మిదింటికి పోటు నిండుగా ఉంటుంది. రెండు వారాలకు మళ్ళీ దాదాపు మొదటి సమయమే. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఆటు మరింత లోతుకు దిగుతుంది, గట్టు వెడల్పుగా తేలుతుంది. అష్టమి చుట్టుపక్కల తేడా తక్కువ. ధామ్రా లేదా పారాదీప్ పోటు పట్టిక చూడండి. అయితే అది సముద్రం దగ్గరి సమయం. నీరు వాగుల్లోకి ఎక్కి దిగడానికి ఇంకా సేపు పడుతుంది. డాంగ్‌మాల్ దగ్గర ఎంత కలుపుకోవాలో పడవవాళ్ళను ఫోనులో అడిగితే చెప్తారు.

ఇక్కడే ఇంకో చిక్కు. ఆటు తీస్తున్నప్పుడు సన్నటి వాగులోకి దూరితే పడవ బురదలో కూర్చుంటుంది, మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదు. అందుకని వరస ఇలా పెట్టుకోమని పడవ నడిపే సరంగుకు చెప్పండి: ఆటు చివరి గంట పెద్ద ఏట్లో, నీరు తిరగబడ్డాక సన్న వాగుల్లో. పోటు మొదట్లో పడవ నేలకు తగిలినా పది, పదిహేను నిమిషాల్లో నీరే లేపుతుంది. అప్పటికి గట్లు ఇంకా మునగవు కాబట్టి వాగు లోపల పడుకున్న మొసళ్ళూ దొరుకుతాయి.

ఉదయం సూర్యుడు తూర్పున ఉంటాడు గనుక పడమటి గట్టుకు ఎదురుగా సాగమనండి, వెలుగు మీ వెనక నుంచి పడుతుంది. ఎండ తగిలే నున్నటి బురద వాలు, దాని మీద వెడల్పాటి జారుడు గీత కనిపిస్తే అక్కడ కళ్ళు నిలపండి. నీళ్ళలో తేలేది దుంగో మొసలో తేల్చుకోవడానికి ఒక గుర్తు: దుంగ ప్రవాహంతో కొట్టుకుపోతుంది, మొసలి ప్రవాహానికి ఎదురుగా కదలకుండా నిలుస్తుంది. నోరు తెరుచుకుని పడుకుంటే కోపమని కాదు, అలా నోటి నుంచి వేడి బయటికి పంపుతుంది. గట్టు మీద మెడ పొడవుగా, చీలిన నాలుక ఆడిస్తూ నడిచేది పిల్ల మొసలి కాదు, నీటి ఉడుము.

పడవల ఇంజను డీజిలు, చప్పుడు గట్టిగానే ఉంటుంది. వంద మీటర్ల దూరంలోనే ఆపేసి, నీటి వాలున జారనివ్వమనండి. దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా ఆపితే ఆ మార్పుకే మొసలి నీళ్ళలోకి దూకుతుంది. నలుగురైదుగురు కలిసి మొత్తం పడవ మాట్లాడుకోవడం మేలు, ఎక్కడ ఎంతసేపు ఆగాలో అప్పుడు మీ చేతిలో ఉంటుంది. మాట్లాడుకునేటప్పుడే ఎన్ని గంటలు, భితర్‌కనిక కాలిబాట దగ్గర ఆగుతారా, ఆగినంతసేపూ అదే కిరాయా అని అడగండి. ఒడియా, బెంగాలీ, హిందీ నడుస్తాయి. తెలుగు, తమిళం ఆశించొద్దు.

బైనాక్యులర్ 8×42 చాలు. 10× తెస్తే ఇంజను అదురుకు బొమ్మ నిలవదు. కెమెరాకు 400 మి.మీ. లెన్సు, షట్టరు 1/1000కి తగ్గకుండా. సాయంత్రం గదికి రాగానే మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో ఉప్పు తుడిచి, ఆ తర్వాతే పొడిగుడ్డ వాడండి. ముందే పొడిగా రుద్దితే ఉప్పు రవ్వలు లెన్సు పూతను గీస్తాయి.

కాళ్ళకు వెనక పట్టీ ఉన్న చెప్పులు పడవకు, మూసిన బూట్లు కాలిబాటకు. ఆటు సమయంలో రేవు మెట్లు పాకురు పట్టి జారుతాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. పడవ అంచు మీంచి చెయ్యి వేలాడేయొద్దు, రేవు దగ్గర నీళ్ళలో కాళ్ళు కడగొద్దు. భితర్‌కనిక కాలిబాట కనికా రాజుల పాత వేట బురుజు దాకా వెళ్తుంది. మొసళ్ళు చూసిన ఉత్సాహంలో చాలామంది దీన్ని వదిలేస్తారు, అది నష్టమే.

ఒక రాత్రి ప్యాకేజీ తీసుకోవద్దు. రెండు రాత్రులుంటే ఒక ఉదయం పొగమంచు పట్టినా ఇంకోటి మిగులుతుంది. డిసెంబరు, జనవరిల్లో ఏటి మీద మంచు దట్టంగా దిగి పడవలు ఆలస్యంగా కదిలే రోజులుంటాయి. సాయంత్రాలు క్యాంపు చుట్టూ గడ్డిలో చుక్కల దుప్పులు మేస్తాయి, అడవిపందులు వస్తాయి. తినేవి గది బయట పెట్టొద్దు. చీకటి పడ్డాక నాలుగడుగులకైనా టార్చి ఉండాలి. దోమలు విపరీతం, ఓడోమాస్ మరవద్దు.

పిట్టల కోసం వెళ్ళేవాళ్ళ నెలలు వేరు. బగగహన్ దగ్గర కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు వానాకాలంలో గూళ్ళు పెడతాయి. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఆ కొలువు చూడాలి, జనవరికి అక్కడ ఖాళీ గూళ్ళే. లకుముకి పిట్టలు మాత్రం ఎనిమిది రకాలు, చలికాలంలోనూ కనిపిస్తాయి. గోధుమరంగు రెక్కల లకుముకి ఇలాంటి మడల్లో తప్ప దొరకదు, దాని కోసమే వచ్చేవాళ్ళున్నారు. అక్టోబరు, నవంబరుల్లో బుక్ చేస్తే తుఫాను సంగతి మనసులో పెట్టుకోండి. 2024 అక్టోబరు 25 తెల్లవారుజామున దానా తుఫాను తీరం దాటింది భితర్‌కనికలోని హబలిఖాటి క్యాంపు, ధామ్రా దగ్గరే.

మే 1 నుంచి జులై 31 వరకు మొసళ్ళు గుడ్లు పెట్టే కాలం, ఉద్యానం మూసేస్తారు. జనవరిలో గణన కోసం కూడా కొన్ని రోజులు మూస్తారు, తేదీలు ఏటా ప్రకటిస్తారు. ఇంకో మాట. గహీర్‌మథా తాబేళ్ళ సామూహిక గుడ్లు చూపిస్తామని ప్యాకేజీ అమ్మేవాళ్ళను నమ్మొద్దు. అవి గుడ్లు పెట్టే నాసీ దీవుల మీదికి పర్యాటకులను పోనివ్వరు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళే కావాలంటే గంజాం జిల్లా రుషికుల్య తీరం వేరే ప్రయాణంగా పెట్టుకోండి.

చెన్నై సెంట్రల్‌లో ఉదయం ఎక్కే కోరమండల్ విజయవాడ, రాజమండ్రి, విశాఖల మీదుగా మర్నాడు తెల్లవారకముందే భద్రక్ చేరుస్తుంది. అక్కడి నుంచి రోడ్డున చాంద్‌బలి, ఆపైన పడవ. విమానంలో భువనేశ్వర్ దిగితే కటక్, కేంద్రపడా, రాజ్‌నగర్ మీదుగా గుప్తి దాకా కారు, అక్కడ పడవ. దాదాపు నాలుగైదు గంటలు పడుతుందనుకోండి. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి, పోటు పట్టిక ఏడాది ముందే దొరుకుతుంది. ముందు పట్టికలో తేదీ, తర్వాత క్యాంపు గది, ఆఖరున రైలు. అందరి గుర్తింపు కార్డుల ఒరిజినల్స్ దగ్గరుంచుకోండి, లోపలికి వెళ్ళే అనుమతికి అడుగుతారు.