పంక్చర్లు తట్టుకునే రోడ్ బైక్ టైర్లు: గ్రాండ్ ప్రి 4-సీజన్‌నే ఎందుకు ఎంచుకున్నాను

మందం టైరు వేస్తే పంక్చర్లు ఆగిపోతాయన్నది సగమే నిజం. ఆ టైరు దేన్ని ఆపాలో తేల్చుకోకుండా కొంటే డబ్బు దండగ, పైగా ఆ బరువంతా ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్ల మీదే పడుతుంది. ప్రస్తుతం నా రోడ్ బైక్ (వేగంగా తొక్కే సన్నటి టైర్ల సైకిలు) రెండు చక్రాలకూ ఉన్నవి కాంటినెంటల్ గ్రాండ్ ప్రి 4-సీజన్, 28 మిల్లీమీటర్ల వెడల్పువి. నచ్చాయి. ఎందుకు నచ్చాయో చెప్పాలంటే మిగతావి ఎందుకు వద్దనుకున్నానో కూడా చెప్పాలి.

నేను నర్సుని. నేను చేరేదాకా రాత్రి డ్యూటీలో ఉన్నామె ఇంటికి కదలలేదు, కాబట్టి ఆలస్యం నా ఒక్కదాని బాధ కాదు. దారిలో ట్యూబు మార్చడం నాకు వచ్చు. కానీ చైను మసి అంటిన గోళ్లతో వార్డులోకి అడుగుపెట్టడం నాకు సుతరామూ ఇష్టం ఉండదు. సెలవు రోజుల్లో దూరం తొక్కేదీ ఈ బైకే. అంటే టైరు గట్టిగానూ ఉండాలి, ఎద్దుబండిలా ఈడ్చుకుంటూ రాకూడదు కూడా.

టైరు వెతికే ముందు పాత ట్యూబులు చూడండి. చిల్లు బయటివైపు ఉంటే రోడ్డు మీదిదేదో గుచ్చుకుంది. లోపలివైపు, అంటే రిమ్ వైపు ఉంటే ఆకుల (స్పోకుల) కన్నాలను కప్పే రిమ్ టేపు జరిగిపోయి ఉంటుంది, లేదా ఆ కన్నం అంచు కోస్తూ ఉంటుంది. పాము కాటులా రెండు గాట్లు పక్కపక్కన కనిపిస్తే గాలి తక్కువై, గుంటలో పడ్డప్పుడు ట్యూబు రిమ్‌కీ రోడ్డుకీ మధ్య నలిగిందన్నమాట. వాల్వు మొదట్లో చిరిగితే అది పంపు కొట్టేటప్పుడు జరిగిన మోటుతనం. వీటిలో మొదటిదాన్ని మాత్రమే టైరు లోపలి రక్షణ పట్టీ ఆపగలదు. మిగతా మూడింటికీ ఎంత ఖరీదైన టైరు వేసినా ఫలితం ఉండదు.

గుచ్చుకునేవన్నీ కూడా ఒక్కలా పనిచేయవు. గాజు పెంకు కోస్తుంది. అదీ ఒక్క దెబ్బకి కాదు, రబ్బరులో ఇరుక్కుని, చక్రం తిరిగిన ప్రతిసారీ కొంచెం కొంచెం లోపలికి దిగుతుంది. తడిసిన రబ్బరు ఇంకా తేలిగ్గా తెగుతుంది, వానల్లో పంక్చర్లు పెరగడానికి అదొక కారణం. ముల్లు సూటిగా దూరుతుంది. వీటన్నిటికన్నా మొండిది సన్నటి ఉక్కు తీగ. లారీ టైర్లు పగిలిన చోట వాటి లోపలి తీగ ముక్కలు రోడ్డంతా రాలి ఉంటాయి. వెంట్రుకంత సన్నం కాబట్టి అల్లిక పోగుల సందులోంచి దూరిపోగలవు. కోతను ఆపడానికి తెగని పోగు కావాలి, పొడుచుకునేదాన్ని ఆపడానికి దూరం, అంటే మందం కావాలి. టైర్ల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది.

మందం దారిలో చివరిదాకా వెళ్లింది ష్వాల్బే మారథాన్ ప్లస్. ట్రెడ్ (నేలను తాకే పైభాగం) కింద స్మార్ట్‌గార్డ్ అనే 5 మిల్లీమీటర్ల సాగే రబ్బరు పొర ఉంటుంది. డ్రాయింగు పిన్ను దిగినా ట్యూబును అందుకోదు. సామాన్లు మోసే సైకిలుకి, రోజూ ముళ్లదారిలో వెళ్లేవాళ్లకి కళ్లు మూసుకుని చెప్తాను. రోడ్ బైక్‌కి మాత్రం చెప్పను. 28 సైజులో ఒక్కో టైరు ముప్పావు కిలో దరిదాపుల్లో ఉంటుంది. బరువు ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. టైరు నేలను తాకిన ప్రతిసారీ ఆ మందపు రబ్బరు నలిగి, వేడెక్కి, మన శక్తిని తినేస్తుంది. చదును రోడ్డు మీద కూడా ఆ తేడా తెలుస్తుంది. ఫ్రేములో, బ్రేకుల దగ్గర చోటు సరిపోతుందో లేదో కూడా కొలుచుకోవాలి.

రెండో కొస కాంటినెంటల్‌దే గ్రాండ్ ప్రి 5000. 2018లో వచ్చింది. ట్రెడ్ కింద వెక్ట్రాన్ అనే గట్టి పోగుతో అల్లిన పట్టీ ఒకటి ఉంటుంది, పరుగు అద్భుతం. పక్కలు మాత్రం పల్చన. శుభ్రమైన రోడ్లున్నవాళ్లకి ఇదే చాలు. నా దారిలో రోడ్డు అంచుకి గాజూ గులకరాళ్లూ ఉంటాయి కాబట్టి పక్క కోసుకుపోతుందేమోనన్న బెంగతో తొక్కలేను.

మధ్యలో రెండు మిగిలాయి. కాంటినెంటల్ గేటర్‌స్కిన్ పేరు వినని రోడ్ సైక్లిస్టు అరుదు. పాలీఎక్స్ అనే రక్షణ పట్టీ, పక్కలకి డ్యూరాస్కిన్ అనే పాలిమైడ్ గుడ్డ, చాలాకాలం మన్నే రబ్బరు. తడిలో పట్టు తక్కువని చాలామంది అంటారు. పట్టు తగ్గినా మన్నిక ముఖ్యమనుకుంటే మంచి టైరే. 4-సీజన్‌కీ అదే డ్యూరాస్కిన్ తొడుగు ఉంటుంది కానీ ట్రెడ్ కింద వెక్ట్రాన్ పట్టీలు రెండు, పైన చలికీ తడికీ పట్టు ఇచ్చే మెత్తటి సిలికా రబ్బరు. 28 సైజులో 300 గ్రాముల లోపే. వాన వెలిసిన రోడ్డు మీద మలుపు తీసుకునేటప్పుడు నేను భుజాలు బిగబట్టకుండా తొక్కుతున్నానంటే నాకు అదే పెద్ద మార్కు. 5000 అంత చురుకు లేదు, ఉంటుందని ఆశించకండి. తీగ ముక్కల మాటకొస్తే వెక్ట్రాన్ రెండు వరసలున్నా పూర్తి భరోసా లేదు, మందం తక్కువ కదా.

ప్యాకెట్ మీది అంకెల గురించి ఒక మాట. 330 టీపీఐ (అంగుళానికి పోగుల లెక్క) అని చూసి మురిసిపోకండి. ఇలాంటి టైర్లలో అది 110 పోగుల గుడ్డ ట్రెడ్ కింద మూడు పొరలుగా మడతపడితే వచ్చిన లెక్క. ‘కెవ్లార్’ అని ఉంటే అదెక్కడుందో చదవండి. 1965లో డ్యూపాంట్‌లో స్టెఫానీ క్వోలెక్ కనిపెట్టిన ఆ పోగు నిజంగా గట్టిదే, కానీ మడతపెట్టే టైర్లలో చాలాసార్లు ఆ జాతి పోగు టైరును రిమ్‌కి పట్టి ఉంచే అంచు తీగ స్థానంలో ఉంటుంది. అంచులో ఉన్నది గాజును ఆపదు.

ట్యూబ్‌లెస్ సంగతి అడుగుతారు. ట్యూబు లేని ఆ టైర్లలో పోసే సీలెంట్ అనే ద్రవం చిన్న కన్నాలను, ముఖ్యంగా ఆ తీగ కన్నాలను, తొక్కుతుండగానే మూసేస్తుంది. అందులో సందేహం లేదు. కానీ అది కొన్ని నెలలకు ఎండిపోతుంది, మళ్లీ పోయాలి, రిమ్ కూడా దానికి తగ్గదై ఉండాలి. నా రిమ్‌లు పాతవి. రిమ్‌లు మార్చిన రోజున ఈ రివ్యూ వేరేలా ఉండొచ్చు.

25 నుంచి 28కి మారడం కూడా టైరు మార్చినంత పనిచేసింది. గాలి పరిమాణం పెరిగింది కాబట్టి ఒత్తిడి తగ్గించినా ట్యూబు నలగడం లేదు. బ్యాగుతో కలిపి వెనక చక్రానికి 75 పీఎస్ఐ, ముందుకి ఇంకొంచెం తక్కువ పెడతాను. టైరు పక్కన అచ్చేసిన గరిష్ఠ అంకె హద్దు మాత్రమే, అంత కొట్టమని కాదు. మామూలు ట్యూబు కూడా వారంలో కొంత గాలి వదిలేస్తుంది కాబట్టి గేజి ఉన్న పంపు తప్పనిసరి.

ఎక్కించేటప్పుడు టైరు మీది పేరును వాల్వుకి ఎదురుగా పెట్టండి. అందం కోసం కాదు. రేపు ట్యూబులో చిల్లు దొరికితే వాల్వు నుంచి దూరం కొలిచి, టైరులో సరిగ్గా ఆ చోటే వెతకొచ్చు. గుచ్చుకున్నది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అదీ పోతుంది. లోపల వేలితో తడమకండి, దూదితో తుడవండి. తీగ ఉంటే దూది పోగులు చిక్కుకుంటాయి. బిగువుగా ఉన్న అంచును రిమ్ మధ్య గాడిలోకి నొక్కుతూ వస్తే చివరి జానెడూ లీవర్ లేకుండానే ఎక్కుతుంది.

వెనక టైరే మొదట అరుగుతుంది, బరువు ఎక్కువ దాని మీదే కదా. కాంటినెంటల్ రోడ్డు టైర్లలో చాలావాటికి ట్రెడ్ మీద రెండు చిన్న గుంటలుంటాయి, అవి మాయమైతే టైరు పని అయిపోయినట్టే. అప్పుడు కొత్తది వెనక వేయను. ముందుదాన్ని వెనక్కి పంపి కొత్తది ముందు పెడతాను. ముందు చక్రం జారితే ఆపుకోవడం ఎవరి తరమూ కాదు. ఇక రేసులకు వెళ్లేవాళ్లు ఈ టైరు జోలికి రాకండి, మీకు 5000 ఉంది. ముళ్లకంచెల పక్కన మట్టిదారిలో తొక్కేవాళ్లు మారథాన్ ప్లస్ బరువు గురించి ఆలోచించకుండా తీసుకోండి.