కీక్లోక్ మార్పు: ఒక్క రాత్రిలోనా, విడతలుగానా?

యాప్‌ల లాగిన్‌లన్నీ ఒకేచోట చూసుకునే సర్వర్ కీక్లోక్. 2022లో దాని 17వ వెర్షన్ నుంచి, అది నడిచే పునాది సాఫ్ట్‌వేర్ వైల్డ్‌ఫ్లై స్థానంలోకి క్వార్కస్ వచ్చింది. 20వ వెర్షన్‌కల్లా పాతది పూర్తిగా పోయింది. సర్వర్ వెబ్ చిరునామాలో ఉండే ‘ఆథ్’ (/auth) ముక్క కూడా డిఫాల్ట్‌గా ఎగిరిపోయింది. కావాలంటే ఒక్క సెట్టింగుతో తిరిగి పెట్టుకోవచ్చు, చాలామంది ఇది మర్చిపోతారు.

పాత వెర్షన్ నుంచి కొత్తదానికి ఒక్క రాత్రిలో మార్చేస్తే పని తెమిలిపోతుంది. కానీ కొత్త వెర్షన్ మొదలవుతూనే డేటాబేస్ పట్టికలను మార్చేస్తుంది; బ్యాకప్ లేకుంటే వెనక్కి దారి లేదు.

పక్కన కొత్త సర్వర్ పెట్టి యాప్‌లను ఒక్కొక్కటే మళ్లిస్తే టెన్షన్ తక్కువ. అయితే డేటాబేస్‌లు రెండవుతాయి. పాతదాంట్లో పాస్‌వర్డ్ మార్చుకున్నవాళ్లు కొత్తదాంట్లో లాగిన్ కాలేక ఫోన్లు మొదలుపెడతారు.

యాప్‌లు పదిలోపైతే నాది మొదటి దారే, డేటాబేస్ నకలు మీద రెండుసార్లు రిహార్సల్ వేశాక.