అమ్మానాన్నలకి హెల్త్ పాలసీ చూస్తున్నారా? తెనాలిలో ఈ మేడమ్‌ని కలవండి

అమ్మకి 66, నాన్నకి 73. ఇద్దరికీ ఏ పాలసీ లేదు. ఫోన్లో మాట్లాడిన ఏజెంట్లందరూ ప్రీమియం ఎంతో చెప్పారే తప్ప అమ్మ ఏం మందులు వాడుతోందని ఒక్కరూ అడగలేదు. చివరికి పిన్ని చెబితే, ఇంట్లోనే ముందుగదిని ఆఫీసు చేసుకున్న ఈ మేడమ్ దగ్గరకి వెళ్లాం.

కూర్చోగానే మందుల చీటీలు అడిగారు. అవి చూసి నాన్నతో, "బాబాయ్‌గారూ, మీకు 70 దాటాయి, ముందు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించుకోండి, ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉచితం" అన్నారు. అందులో ఆవిడకి రూపాయి కమీషన్ రాదు. మేం వెళ్లే ఆసుపత్రి ఆ కార్డు చెల్లే జాబితాలో ఉందో లేదో కూడా అక్కడే చూసిపెట్టారు.

అమ్మ పాలసీకి మాత్రం గంటన్నర పట్టింది. 65 దాటితే కొత్తగా ఇవ్వరని భయపడ్డాం గానీ ఆ వయసు పరిమితిని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లోనే తీసేసింది. షుగర్ సంగతి రాయకపోతే ప్రీమియం తగ్గుతుందేమో అని నేనన్నాను. ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదు. ఉన్నది రాస్తే షుగర్‌కి సంబంధించిన క్లెయిమ్‌కి మహా అయితే మూడేళ్లు ఆగాలి, దాస్తే క్లెయిమ్ రోజున చెయ్యి ఎత్తేస్తారు అన్నారు.

తర్వాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి లెక్క వేశారు. 3 లక్షల పాలసీ, రూమ్ రెంట్ పరిమితి అందులో 1 శాతం, అంటే రోజుకి 3,000. మనం 6,000 రూములో చేరితే కోత రూము అద్దెతో ఆగదు, డాక్టర్ ఫీజు, నర్సింగ్ ఛార్జీలు కూడా సగానికి సగం మనమే కట్టుకోవాలి.

ఇంత ఓపిగ్గా చెబుతున్నావేమ్మా అని అమ్మ అడిగితే అప్పుడు చెప్పారు. వాళ్ల నాన్నగారికి ఎవరో ఏజెంట్ సరిగ్గా ఇలాంటి పాలసీయే అంటగట్టాడట. డిశ్చార్జ్ రోజున తక్కువైన డబ్బు కోసం ఈవిడ ఊరంతా ఫోన్లు చేస్తుంటే, ఆయన బిల్లింగ్ కౌంటర్ పక్కన వీల్‌చైర్లో, చేతికి సూది గుచ్చిన చోట దూదితో అలాగే కూర్చుని "ఇంకా ఎంత కావాలమ్మా" అని అడుగుతూనే ఉన్నారట. ఆ తర్వాతే ఈ పని మొదలుపెట్టారు. చెబుతున్నంతసేపూ ఆవిడ కళ్లు ఆ కాగితం మీదే ఉన్నాయి. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

రూమ్ రెంట్ పరిమితి లేనిదే తీసుకున్నాం. ప్రీమియం బరువే, కాకపోతే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు కాబట్టి కొంత నయం. పాలసీ కాగితాలు చేతికొచ్చాక కూడా పిలిచి, నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు, అందుకని ప్రతి పేజీ చదవమన్నారు.

మధ్యాహ్నం పూట ఫోన్ ఎత్తరు, ఆదివారం వెళ్తే గంట కూర్చోవాలి. పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లండి, ఆవిడ మాట్లాడేది వాళ్లతోనే. మందుల చీటీలు, పాత రిపోర్టులు మర్చిపోకండి.