సెంటు వాసన 24 గంటలు నిలబెట్టే 'ఫిక్సర్' కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

రీల్స్‌లో ఈ మధ్య ఒక ప్రకటన తెగ తిరుగుతోంది. చిన్న సీసా, డ్రాపరు మూత. రెండు చుక్కలు మెడకి రాసి పైన మీ సెంటు కొట్టుకుంటే 24 గంటలు వాసన పోదంటాడు. నేను 599 రూపాయలు పెట్టి కొన్నాను, క్యాష్ ఆన్ డెలివరీ. మీరు కొనకండి.

నేను వాడేది కొలోన్, అంటే నిమ్మ వాసన వచ్చే పల్చటి సెంటు. బెజవాడ ఎండలో పొద్దున్నే కొట్టుకుని బండెక్కితే బెంజి సర్కిల్ దాటేసరికే మాయం. ఆ బాధలో ఉన్నవాడికి ఇలాంటి ప్రకటన కనపడితే ఇంకేముంది!

మా బావమరిది పెళ్లికి మొదటిసారి వాడాను. పట్టు లాల్చీ వేసుకుని, మెడకి అటు రెండు ఇటు రెండు చుక్కలు రాసి, పైన కొలోన్ కొట్టాను. అరగంటలో నిమ్మ వాసన ఎప్పటిలాగే పోయింది. మిగిలింది పాత నూనెలో వెనీలా కలిపినట్టు ఒక వెగటు వాసన. జీలకర్ర-బెల్లం వేళకి మెడ మంట మొదలైంది. "ఏంటండీ, కాలరుకి కొబ్బరినూనె పూశారా?" అని మా ఆవిడ అడిగితే అప్పుడు చూసుకున్నాను. అరచేయంత మరక. డ్రైక్లీనింగ్‌కి ఇచ్చినా పూర్తిగా పోలేదు.

ఇంటికొచ్చాక తెల్ల కాగితం మీద ఆ ఫిక్సర్ ఒక చుక్క, పక్కనే కొలోన్ ఒక చుక్క వేసి ఉంచాను. కొలోన్ చుక్క కాసేపట్లో ఆరిపోయింది. ఫిక్సర్ చుక్క మర్నాటికి కూడా బజ్జీలు కట్టిచ్చిన కాగితంలా అవతలి వైపు కనపడేలా ఉంది. అనుమానమొచ్చి సీసా మీది బంగారు రంగు స్టిక్కరు గోటితో గీకాను. కింద ఇంకో లేబుల్: గడ్డం నూనె! తయారుచేసిన వాళ్ల పేరు లేదు, లైసెన్సు నంబరు లేదు, అందులో ఏం కలిపారో లేదు. మన దేశంలో అమ్మే సౌందర్య సాధనాల మీద ఇవన్నీ ఉండాలి. అమ్మినవాడికి ఫొటో తీసి పంపాను. టిక్కులు నీలంగా మారాయి, ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు.

ఫిక్సేటివ్ (వాసనను ఎక్కువసేపు పట్టి ఉంచే పదార్థం) అనేదే మోసం అనడం లేదు. సాంబ్రాణి, గంధం లాంటి బరువైన పదార్థాలు మెల్లగా ఆవిరవుతాయి కాబట్టి సెంటు తయారీలో వాటిని వాడతారు. అత్తరుకి పేరున్న యూపీ ఊరు కనౌజ్‌లో సంప్రదాయంగా అత్తరును గంధం నూనెలోకి దింపేవారు. కానీ అది తయారీ దగ్గర జరగాల్సిన పని. నిమ్మ, నారింజ వాసనలు త్వరగా ఎగిరిపోయే రకం, వాటికింద ఏ నూనె రాసినా రోజంతా కట్టిపడేయలేం. పైగా కొలోన్‌లో సుగంధం వాటా సుమారు 2 నుంచి 4 శాతమే, మిగతాదంతా దాదాపు ఆల్కహాలూ నీళ్లే. ఓ ద పర్ఫ్యూమ్ అని రాసి ఉన్న సీసాల్లో 15-20 శాతం దాకా ఉంటుంది. నాకు ఈ తేడా ముందే తెలిస్తే ఆ 599 అక్కడ పెట్టేవాణ్ణి.

ఇప్పుడు చేస్తున్నది చెప్తాను. స్నానం చేసి తుడుచుకున్నాక మణికట్టుకి, మెడకి కొంచెం వాసెలిన్ రాసి, దానిమీద కొలోన్ కొడుతున్నాను. పొడి చర్మం మీదకన్నా కాస్త ఎక్కువసేపు ఉంటోంది. కాటన్ చొక్కా మీద కొడితే ఇంకా నయం (పట్టు మీద మాత్రం వద్దు బాబోయ్). మధ్యాహ్నానికి ఇంకోసారి కొట్టుకోవడానికి చిన్న సీసాలో పోసి బ్యాగులో వేసుకుంటున్నాను. అది బండి డిక్కీలో పెట్టకండి, వేడికి సెంటు పాడవుతుంది. ఇంకొకటి, మనం కొట్టుకున్న వాసనకి మన ముక్కు అలవాటుపడిపోతుంది. పోయిందని మళ్లీ మళ్లీ కొట్టే ముందు ఇంట్లో ఎవరినైనా అడగండి.

మెడ మంటకి చర్మం డాక్టరు పూత మందు ఇచ్చారు, వారంలో తగ్గింది. నిమ్మజాతి నూనెలు కొన్ని చర్మం మీద ఉండగా ఎండ తగిలితే నల్ల మచ్చలు పడతాయని కూడా చెప్పారు. ఏం కలిపారో రాయని సీసాతో అసలు భయం అదే.

ఇప్పటికే కొని మోసపోయినవాళ్లు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. పార్సిల్ అట్టపెట్టె మాత్రం పారేయకండి. నేను వచ్చిన రోజే చెత్తబండిలో వేసేశాను. ఫిర్యాదు రాయించేటప్పుడు పంపినవాడి చిరునామా అడిగితే నా దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది.